పూతరేకులు నావి, ఆదాయం మా ఆయనదట

"మీరు హౌస్‌వైఫ్ కదమ్మా, మీవారి స్టేట్‌మెంట్ పట్టుకురండి."

ఈ మాట అన్నది ఓ బ్యాంకులో కుర్రాడు. తప్పు అతనిది కాదులెండి. కానీ అప్పటికి నేను ఆరేళ్ళుగా పూతరేకులు చేసి అమ్ముతున్నాను. పొయ్యి దగ్గర పొగ కళ్ళలోకి కొడుతోందని, రేకుల షెడ్డు ఒకటి వేసుకుందామని రెండు లక్షల ముద్రా లోన్ అడగడానికి వెళ్ళాను. వృత్తి అన్నచోట నన్ను అడక్కుండానే 'గృహిణి' అని రాసేశాడు. నేను ఆ కాగితం వంక, కుండ సెగకి మొద్దుబారిపోయిన నా వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక కోపం అతని మీద పోయి నా మీదకి మళ్ళింది. ఆరేళ్ళూ డబ్బులన్నీ ఎక్కడికి వెళ్ళాయి? మా ఆయన ఫోన్‌పేకి. మొదటి ఆర్డర్ వచ్చినప్పుడు నాకు స్మార్ట్‌ఫోన్ లేదు, ఆయన నంబర్ ఇచ్చాం. అదే అలవాటైపోయింది. డబ్బాల మీద స్టిక్కర్‌లో కూడా ఆయన నంబరే. ఆయనేమో రైస్ మిల్లులో గుమస్తా. జీతం పడే ఖాతాలోనే నా పూతరేకుల డబ్బూ. రేపు ఎవరైనా "ఏమండీ, జీతం కాక ఈ లక్షలేంటి" అని అడిగితే ఆయన ఏం చెప్తారు? మా ఆవిడ రేకులు తీస్తుందండి ఆయ్, అంటారా?

మా వీధిలో నాలాంటివాళ్ళు పదిమంది తక్కువ ఉండరు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనన్న గుర్తింపు, వచ్చిందని అందరం సంబరపడ్డాం, ఫోటోలు దిగాం. ఊరి పేరుకి కాగితం వచ్చింది. ఆ రేకు తీసే మనిషి పేరుకి మాత్రం ఏ కాగితమూ లేదు. బ్లౌజులు కుట్టేవాళ్ళూ అంతే, ట్యూషన్లు చెప్పేవాళ్ళూ అంతే. నర్సాపురం వైపు లేసు అల్లే మా పిన్నిగారూ అంతే. అడిగితే "ఏదో ఖాళీగా ఉండలేక" అంటారు. ఖాళీగా ఉండలేక రోజుకి పది గంటలు పనిచేస్తారా ఎవరైనా?

సరే, ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తానంటే ఇంట్లో పెద్ద చర్చ. "పోయి పోయి నువ్వే చెప్పుకుంటావా, లేనిపోని టాక్సు నెత్తికెత్తుకోవడం కాకపోతే" అని మా మరిది. 2025 జులైలో బెంగళూరులో చిన్న కొట్లవాళ్ళకి నోటీసులొచ్చి 'యూపీఐ లేదు, క్యాష్ మాత్రమే' అని బోర్డులు పెట్టుకున్నారు కదా, ఆ వీడియో నాకు పంపించాడు. అది జీఎస్టీ గొడవ బాబూ, ఇన్‌కమ్ టాక్స్ వేరు అంటే వినడు. ఫోన్‌లో పడిన ప్రతి రూపాయికీ పన్ను అని మా ఊళ్ళో సగం మంది నమ్ముతున్నారు. అమ్మకం వేరు, ఆదాయం వేరు. ఈ ముక్క ఎవరికీ ఎక్కదు. నెయ్యి కొట్టువాడికి ఇచ్చింది కూడా నా ఆదాయమేనా?

ఇంకో సంగతి. 2024-25లో ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో మూడు లక్షల వరకు పన్నే లేదు. ఏడు లక్షల వరకు రిబేటు, అంటే లెక్కకొచ్చిన పన్ను కూడా మాఫీ. 2025-26కి అవి నాలుగు లక్షలు, పన్నెండు లక్షలు అయ్యాయి. నాలాంటివాళ్ళ సంపాదన ఇందులో ఏ మూలకి వస్తుందని దాస్తున్నాం మనం? కట్టక్కర్లేని పన్నుకి భయపడి ఉన్న సంపాదన లేదని చెప్పుకుంటున్నాం. దొంగసొమ్ము దాచేవాడికైనా ఓ లాభం ఉంటుంది.

లెక్క కట్టడం మాత్రం తేలిక కాదండి, అది ఒప్పుకుంటాను. మా అమ్మాయి సగం రాసి వదిలేసిన సోషల్ నోట్సు తీసుకుని, వెనక పేజీల నుంచి మొదలుపెట్టాను. ఆయన ఫోన్‌లో ఏడాది మెసేజ్‌లు ఒక్కొక్కటీ చూసి 'ఇది నాది, ఇది చీటీ డబ్బు, ఇది బావగారు తిరిగిచ్చింది' అని వేరుచేయడానికి మూడు రాత్రులు పట్టింది. తేలింది ఇదీ: 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా అమ్మకం 7,20,000. అందులో ఫోన్‌లో వచ్చింది 5,40,000, చేతికొచ్చింది 1,80,000.

ఖర్చు దగ్గర అసలు తంటా. నెయ్యి 2,02,000. అది తేలింది, ఎందుకంటే నెయ్యి అతను కూడా పుస్తకం రాస్తాడు. జీడిపప్పు, బాదం 58,000. పంచదార, బెల్లం 46,000. జయ బియ్యం తొమ్మిది వేలే. పూతరేకు అంటే బియ్యం అనుకుంటారు, అందులో బియ్యం కంటే డబ్బా ఖరీదు ఎక్కువ. డబ్బాలు, కవర్లు 31,000. రేకులు తీయడానికి వచ్చే ముగ్గురికి వంద రేకులకి ఇంత అని ఇచ్చింది 1,41,000. పెట్రోలు, ఆటో 14,000. కుండలు, గుడ్డలు, పొయ్యిలోకి ఎండు కొబ్బరి కమ్మలు 12,000. కుండ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బోర్లించిన కుండ కింద మంట, పైన తడి గుడ్డ. ఆ దెబ్బకి ఎప్పుడో ఒకప్పుడు బీట పడుతుంది. కొత్త కుండ మీద మొదటి రెండు రోజులూ రేకు సరిగా లేవదు, చిరిగిపోతుంది. ఆ చిరుగులు ఏ ఖాతాలో రాయను?

కమ్మల దగ్గర ఆడిటర్ గారు ఆపారు. "కమ్మలు ఎవరి దగ్గర కొన్నారమ్మా?" సగం కొన్నాం, సగం మా తోటలోవేనండి అన్నాను. "తోటలోవాటికి డబ్బులెవరికిచ్చారు? ఇవ్వని డబ్బు ఖర్చెలా అవుతుంది?" నిజమే. కొన్నవాటివి మాత్రమే ఉంచాను. పై 12,000 అలా తగ్గాక మిగిలినదే. తోటలో కాయలమ్మిన డబ్బు వ్యవసాయం కింద వేరే వెళ్తుంది, దానికి పన్ను లేదు. మా వైపు ఏ డబ్బు కనపడినా 'మాది వ్యవసాయమేనండి' అనేస్తారు, చివరికి రొయ్యల చెరువుతో సహా. చెరువు వ్యాపారం కిందకే వస్తుందని ఆ చెరువులవాళ్ళకీ తెలుసు.

మొత్తం ఖర్చు 5,13,000. మిగిలింది 2,07,000.

ఆడిటర్ గారు ఇదంతా విని నవ్వి "ఇంత కష్టం దేనికమ్మా, ఐటీఆర్-4 రిటర్ను ఫారంలో వేసేద్దాం" అన్నారు. ఆ ఏడాదికి ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారులకి 44ఏడీ అని ఒక సెక్షన్ ఉండేది. ఫోన్‌లో, బ్యాంకులో వచ్చినదాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం అనుకుంటారు. పుస్తకాలు అక్కర్లేదు, ఖర్చులు విడిగా చూపించక్కర్లేదు. నా లెక్కకి 32,400, 14,400 కలిపి 46,800. "అంతే వేసేద్దామా?"

వద్దన్నాను. అది కనీసం చూపించాల్సింది. అంతకు మించి చూపించొద్దని ఎవరూ అనలేదు. నాకు మిగిలింది రెండు లక్షల ఏడు వేలు, నలభై ఆరు వేలని ఎందుకు రాయాలి? ఎలా రాసినా కట్టేది సున్నాయే. ఏడాదికి నలభై ఆరు వేలు సంపాదించే మనిషికి ఏ బ్యాంకు షెడ్డు వేయిస్తుంది? ఆయన ఓ క్షణం నా వంక చూసి, ఐటీఆర్-4లోనే నా అంకె కొట్టారు. ఆ ఏడాది గడువు సెప్టెంబరుకి జరిపారు కాబట్టి సరిపోయింది. నిజానికి నా ఆదాయానికి రిటర్న్ వేయడం తప్పనిసరి కూడా కాదు. కావాలనే వేశాను.

ఇప్పుడు నా పేరు మీద ఖాతా, నా నంబరుతో క్యూఆర్, ఆహార రిజిస్ట్రేషన్ ఉన్నాయి. రాష్ట్రం దాటించి సరుకు పంపితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నారు, అందుకని హైదరాబాద్ ఆర్డర్లు ఇంకా ఒప్పుకోవడం లేదు. వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళకి ఇస్తున్నాను. షెడ్డు ఇంకా లేదు. రెండేళ్ళ రిటర్నులు ఉంటే చూద్దామని బ్యాంకువాళ్ళు అన్నారు. అంటే ఇంకో సంక్రాంతి పొగలోనే.

ఇదంతా ఇంట్లో గొప్పగా చెప్తున్నాను ఓ రోజు. మా అత్తగారు మండువాలో కూర్చుని రేకుల్లో నెయ్యి రాస్తూ వింటున్నారు. చుట్టడం చాలావరకు ఆవిడే. అంత పల్చటి రేకుని చిట్లకుండా మడత పెట్టడం నాకు ఇప్పటికీ ఆవిడంత బాగా రాదు.

"అయితే అమ్మాయ్, ఆ రెండు లక్షల ఏడు వేల్లో నేనెక్కడున్నాను?" అన్నారు.

నోట్సు తీసి చూశాను. బెల్లం ఉంది, గుడ్డపీలికలు ఉన్నాయి, ఆటోవాడు ఉన్నాడు. ఆవిడ లేరు. ఇవ్వని డబ్బు ఖర్చెలా అవుతుంది?

ఈ ఏడాది పుస్తకంలో ఆవిడకో పేజీ పెట్టాను. రేటు ఇంకా తెగలేదు. బయటివాళ్ళకిచ్చేదానికంటే వంద రేకులకి పది రూపాయలు ఎక్కువ అడుగుతున్నారు.