లెక్కల్లోకి రాని కృషికి జీవన సాఫల్య గౌరవం

ఒక పరిశోధన పత్రం రచయిత చేతి నుంచి పాఠకుడి చేతికి చేరే దారిలో జరిగే పని ఎవరి ఖాతాలోనూ జమ కాదు. పత్రాన్ని వర్గీకరించేవారు, దాని వివరాలను కంప్యూటర్ గుర్తించగలిగే రూపంలోకి తెచ్చేవారు, ఇరవై ఏళ్ల తర్వాత వెతికినా అది దొరికేలా చూసేవారు తమ పని సక్రమంగా సాగినంత కాలం ఎవరికీ గుర్తుకు రారు. అందుకే విద్వత్ సమాచార వినిమయం, సమాచార సాంకేతికత రంగాల్లో జీవితకాల కృషికి ఇచ్చే పురస్కారాలను మేము లాంఛనాలుగా భావించడం లేదు. ప్రతిభను కొలిచే పద్ధతిలో విశ్వవిద్యాలయాలు చేస్తున్న ఒక పొరపాటును అవి కొంతవరకైనా సరిదిద్దుతున్నాయి.

నేడు పరిశోధకుల విలువ కట్టడానికి వాడుతున్న ప్రధాన సాధనం సైటేషన్ల సంఖ్య, అంటే వారి పత్రాలను ఇతర పత్రాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయన్న లెక్క. ఒక పత్రాన్ని తర్వాతి పత్రాలు ఎక్కడెక్కడ పేర్కొన్నాయో నమోదు చేసే సూచికను 1955లో ప్రతిపాదించి, 1960లలో ఆచరణలోకి తెచ్చిన యూజీన్ గార్‌ఫీల్డ్ ఉద్దేశం ఒక ఆలోచన ఎటు సాగిందో పరిశోధకులు తెలుసుకోవాలన్నదే. పత్రికలను వాటి పత్రాలకు సగటున దక్కే సైటేషన్లను బట్టి పోల్చడానికి పుట్టిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో వ్యక్తులను తూచడాన్ని ఆయనే ఆక్షేపించారు. పరిశోధన మూల్యాంకనంపై 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరిందీ ఆ అలవాటు మానమనే. అయితే మమ్మల్ని మరింత కలవరపరిచేది వేరొకటి ఉంది. గ్రంథాలయ క్యాటలాగును వాడినవారు గానీ, కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే నియమావళి అయిన ఒక ప్రోటోకాల్ మీద ఆధారపడినవారు గానీ వాటి నిర్మాతల పేర్లను తమ పత్రాల చివర రాయరు. ఆ కృషి ఎంత విజయవంతమైతే లెక్కల్లో అంతగా కనుమరుగవుతుంది.

హెన్రియెట్ ఆవ్రమ్ జీవితమే దీనికి నిదర్శనం. ఆమె గ్రంథాలయ శాస్త్రం చదివిన వ్యక్తి కాదు, ప్రోగ్రామర్. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరి, క్యాటలాగు కార్డు మీద ఉండే ప్రతి వివరం ఏమిటో, ఎందుకు అక్కడ ఉందో క్యాటలాగర్ల దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ కార్డును కంప్యూటర్ చదవగలిగే మార్క్ రికార్డుగా మలిచిన బృందానికి నాయకత్వం వహించారు. ఒక గ్రంథాలయం ఒకసారి తయారుచేసిన వివరాన్ని వేల గ్రంథాలయాలు మళ్లీ టైపు చేయనవసరం లేకుండా వాడుకోగలగడం అక్కడి నుంచే మొదలైంది. ఆమె 2006లో కన్నుమూశారు. మార్క్ స్థానంలో కొత్త నమూనాలు తేవాలన్న ప్రయత్నాలు ఏళ్ల తరబడి సాగుతున్నా, ప్రపంచంలోని అసంఖ్యాక గ్రంథాలయాలు ఈనాటికీ ఆ రూపంలోనే రికార్డులను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. అర్ధ శతాబ్దం నిలిచిన సాంకేతిక రూపకల్పనలు వేళ్ల మీద లెక్కించదగినవి. దాని విలువ తేలడానికీ అన్ని దశాబ్దాలు పట్టింది. ఈ రంగానికి ఏటేటా ఇచ్చే బహుమతుల కంటే జీవితకాల పురస్కారమే తగినదని మేము అనడానికి కారణం ఇదే.

ఇలాంటి గౌరవాల్లో పాల్ ఇవాన్ పీటర్స్ పురస్కారం ప్రత్యేకంగా చెప్పుకోదగింది. విద్యారంగంలో నెట్‌వర్క్ సమాచార వినియోగానికి కృషి చేసే అమెరికా సంస్థ కొయలిషన్ ఫర్ నెట్‌వర్క్‌డ్ ఇన్ఫర్మేషన్‌ను తొలినాళ్లలో నడిపించి, 1996లో మరణించిన పీటర్స్ స్మృత్యర్థం దీన్ని నెలకొల్పారు. 2000లో తొలి పురస్కారం వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీకి దక్కింది. 2006లో అందుకున్న పాల్ గిన్స్‌పార్గ్ 1991 ఆగస్టులో లాస్ అలమోస్ ప్రయోగశాలలో భౌతిక శాస్త్రవేత్తల కోసం ప్రారంభించిన ప్రీప్రింట్ల (పత్రికలో అచ్చు కాకముందే పంచుకునే పత్రాల) భాండాగారమే నేటి ఆర్కైవ్. పత్రిక ఆమోదం కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా, చందా కట్టలేని సంస్థలోని విద్యార్థికి కూడా అదే రోజు పత్రం అందడం అప్పటికి ఊహకు అందని విషయం. గణితంలో ప్రసిద్ధ సమస్య అయిన పాయింకేర్ ప్రతిపాదనకు రష్యన్ గణితవేత్త గ్రిగరీ పెరెల్మాన్ ఇచ్చిన నిరూపణ 2002, 2003లలో వెలుగు చూసింది అక్కడే. ఆయన దాన్ని ఏ పత్రికకూ పంపలేదు. ఇప్పుడు ఆ భాండాగారానికి నెలకు 20,000కు పైగా పత్రాలు వస్తున్నాయి.

2014లో ఆ పురస్కారం డొనాల్డ్ లిండ్‌బర్గ్‌ను వరించింది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయానికి ఆయన సారథిగా ఉన్న కాలంలోనే, 1997లో, పబ్‌మెడ్ ద్వారా వైద్య పరిశోధన సూచిక అందరికీ ఉచితమైంది. 2017లో గౌరవం పొందిన హెర్బర్ట్ వాన్ డి సోంపెల్ మాత్రం మరో ప్రశ్న పట్టుకున్నారు: పత్రంలో ఇచ్చిన లింకు రేపు పనిచేస్తుందా? ఆయన సహరచయితగా 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం శాస్త్ర, సాంకేతిక, వైద్య రంగాల పత్రాల్లో ప్రతి ఐదింటిలో ఒకటి ఈ సమస్య బారిన పడింది. పేర్కొన్న పేజీ మాయమవడమో, అందులోని విషయం మారిపోవడమో జరుగుతోంది. ఆధారం చూపలేని పరిశోధనను సరిచూడడం ఎవరి తరమూ కాదు గనుక, ఇది గ్రంథాలయాల గడప లోపలే తేల్చుకోవలసిన చిన్న సమస్య కాదు.

ఈ పురస్కారాల పట్ల మాకున్న అభ్యంతరం ఒక్కటే. ఆవ్రమ్ వెనుక క్యాటలాగర్లున్నారు. ప్రతి భాండాగారం వెనుక రోజూ సర్వర్లను, సాఫ్ట్‌వేర్‌ను చక్కదిద్దేవారున్నారు. ఆరంభించిన వ్యక్తికి వేదిక దక్కుతోంది గానీ, ముప్పై ఏళ్లు నిలబెట్టినవారికి దక్కడం లేదు. పురస్కారాలిచ్చే సంస్థలు బృందాలకు, నిర్వాహకులకు కూడా అర్హత కల్పించాలి. తమ సృష్టిని అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా విడిచిపెట్టారా లేదా అన్నది ఎంపికకు గీటురాయి కావాలి. విశ్వవిద్యాలయాలైతే పదవీ విరమణ నాటి సన్మానం దాకా ఆగకుండా, ప్రమాణాల రూపకల్పనను, డేటా నిర్వహణను, సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని పరిశోధన పత్రంతో సమానంగా పరిగణించేలా నియామకాల, పదోన్నతుల నిబంధనలను ఇప్పుడే సవరించాలి.