స్కూలు పక్కన ఇల్లు: బెంగళూరులో ఆ అదనపు ధర దేనికి?

వర్తూరు, గుంజూరు, సర్జాపుర రోడ్డు వైపు ఫ్లాటు చూడడానికి వెళ్లిన తెలుగు దంపతులకు సేల్స్ ఆఫీసులో గదుల కొలతల కంటే ముందు గోడమీది మ్యాపు చూపిస్తారు. ప్రాజెక్టు చుట్టూ గీసిన వలయాల్లో పేరున్న స్కూళ్లన్నీ చుక్కలుగా కనిపిస్తాయి, వాటి పక్కన ‘5 నిమిషాలు’, ‘10 నిమిషాలు’ అని రాసి ఉంటుంది. అదే సైజు ఫ్లాటు మరో దిక్కున ఇరవై, ముప్పై లక్షలు తక్కువకు దొరుకుతుందని తెలిసినా, పిల్లల చదువు దగ్గర లెక్కలు చూడకూడదన్న మాటతో చాలామంది అక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తారు. లెక్క చూడాల్సింది సరిగ్గా అక్కడే. బెంగళూరులో ఆ అదనపు సొమ్ముకు స్కూల్లో సీటు రాదు, మంచి చదువు దొరుకుతుందన్న హామీ కూడా లేదు. దక్కేదల్లా ప్రయాణంలో మిగిలే సమయం.

స్కూలును చూసి ఇల్లు కొనే అలవాటు మనవాళ్లలో కొంత అమెరికా నుంచి వచ్చింది. అక్కడ కొన్నేళ్లు ఉండి తిరిగి వచ్చినవారికీ, అక్కడి బంధువులతో వారం వారం మాట్లాడేవారికీ ఇల్లు అనగానే ముందు స్కూలు రేటింగే గుర్తొస్తుంది. ఆ దేశంలో అది సబబే. అమెరికాలో చాలాచోట్ల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ప్రవేశం ఇంటి చిరునామాను బట్టి వస్తుంది, ఫీజు ఉండదు. అందువల్ల మంచి స్కూలు విలువ నేరుగా ఇంటి ధరలోకి ఎక్కుతుంది. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త మసాచుసెట్స్‌లో ఎలిమెంటరీ స్కూళ్ల హద్దు గీతకు ఇటూ అటూ ఉన్న ఇళ్ల ధరలను పోల్చి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. పేటా వీధులూ ఒకేలా ఉండి స్కూలు మాత్రమే మారినచోట, పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువ ఉంటే తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ పెట్టడానికి సిద్ధపడుతున్నారని ఆమె తేల్చారు. ఆ ధర వెనుక ఒక హక్కు ఉంది.

బెంగళూరులో చిరునామాకు అలాంటి హక్కు లేదా అంటే, ఒక రకంగా ఉంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం చేసిన నిబంధనల్లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు నడిచి వెళ్లే దూరంలో, అంటే కిలోమీటరు లోపు, పాఠశాల ఉండాలని చెప్పారు. అయితే ఆ బాధ్యత ప్రభుత్వానిది, ఆ హక్కు వర్తించేది ప్రభుత్వ బడికి. కోటిన్నర పెట్టి ఫ్లాటు కొనేవారిలో ఎంతమంది వీధి చివరి సర్కారీ బడిని ఒకసారి లోపలికి వెళ్లి చూస్తారో ఊహించుకోవచ్చు. ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్ల నిబంధన బలహీన వర్గాలకు, వెనుకబడినవారికి ఉద్దేశించినది. సమీపంలో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ పాఠశాల ఉన్నచోట ప్రైవేటు స్కూళ్లకు ఆ బాధ్యత లేకుండా కర్ణాటక ప్రభుత్వం తన నిబంధనలను మార్చింది, 2019లో హైకోర్టు ఆ మార్పును సమర్థించింది. ఎలా చూసినా, గేటెడ్ కమ్యూనిటీ చిరునామా పక్కనున్న ప్రైవేటు స్కూలును దేనికీ కట్టడి చేయదు. అన్నో అక్కో అదే స్కూల్లో చదువుతుంటే కొంత మేలు. కొన్ని స్కూళ్లు దూరాన్ని కూడా పరిగణిస్తాయి, కానీ అది వాళ్ల ఇష్టం, ఏడాదికేడాది మారవచ్చు.

ఇక నాణ్యత సంగతి. ప్రాథమిక తరగతుల్లో ఏ స్కూలు బాగా చెబుతోందో పోల్చి చూసుకోవడానికి నగరంలో బహిరంగంగా దొరికే కొలత లేదు. మనం చూసేది పదో తరగతి ఫలితాలు, స్విమ్మింగ్ పూలు, బోర్డు పేరు. పదో తరగతి ఫలితాల్లో ట్యూషన్ల వాటా ఎంతో, వెనకబడే పిల్లలను ముందే తప్పించే వడపోత వాటా ఎంతో ఎవరికీ తెలియదు. ఆరేళ్ల పిల్ల చదవడం నేర్చుకోవడానికీ ఆ ఫలితాలకూ సంబంధం బహు పలచన. జాతీయ విద్యావిధానం తర్వాత 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతికల్లా అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలనే లక్ష్యం పెట్టుకుంది. ఆ పని జరిగేది టీచరు చేతుల్లో. అందుకే స్కూలు చూడడానికి వెళ్లినప్పుడు సెక్షన్‌కు ఎంతమంది పిల్లలు, నిరుడు ఒకటో తరగతికి చెప్పిన టీచర్లలో ఈ ఏడు ఎందరు మిగిలారు అన్న రెండు ప్రశ్నలు అడిగితే బ్రోచరు మొత్తం చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. టీచర్లు ఏటా మారిపోయే స్కూలు పక్కన ఇరవై ఏళ్ల అప్పుతో ఇల్లు కొనడం ఎందుకో నాకు బోధపడదు.

సొమ్ము దగ్గరకు వద్దాం. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గుంజూరులో స్కూలుకు దగ్గరగా ఫ్లాటు 1.45 కోట్లు, ఆ స్కూలుకు దూరంగా బూదిగెరె క్రాస్ దగ్గర అలాంటిదే 1.15 కోట్లు. తేడా 30 లక్షలు. అది అప్పుగా తెస్తే 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు, నెలకు దాదాపు 26 వేల ఈఎంఐ. ఒకటి నుంచి ఐదో తరగతి ముగిసేదాకా ఆ తేడాకే సుమారు 15.6 లక్షలు కడతారు, అందులో 12 లక్షలు వడ్డీకే పోతుంది. అదే ఇంటిని అద్దెకు తీసుకుంటే? బెంగళూరు ఫ్లాట్లకు ఏడాది అద్దె ఇంటి విలువలో 3 శాతం అటూ ఇటూ అనుకుంటే, 30 లక్షల తేడా అద్దెలో నెలకు ఏడున్నర వేలుగా మాత్రమే కనిపిస్తుంది. స్కూలు దగ్గరితనం ఒకటే, కొంటే నెలకు 26 వేలు, అద్దెకైతే ఏడున్నర వేలు.

ఇల్లు ఆస్తి కదా, ధర పెరుగుతుంది కదా అంటారు. నిజమే, ఆ 30 లక్షలు కూడా మిగతా ధరతోపాటు పెరిగితే వడ్డీలో మంచి భాగం వెనక్కి వస్తుంది. కానీ ఆ తేడా నిలబడాలంటే స్కూలు పేరు నిలబడాలి. అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతి దిక్కుకూ కొత్త స్కూళ్లు వెంటనే వచ్చి చేరే నగరం ఇది. నేడు దూరమనిపించే చోట ఐదేళ్లకు నాలుగు బ్రాంచీలు తెరుచుకోవచ్చు. పొరపాటున కొన్నామని తర్వాత అమ్మి మరోటి కొనడం చవక వ్యవహారం కాదు. స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిపై సెస్సు, సర్‌ఛార్జి, 2025 ఆగస్టు చివర ఒక శాతం నుంచి రెండుకు పెరిగిన రిజిస్ట్రేషన్ రుసుము కలిపితే ఏడున్నర శాతం దాటుతుంది. 1.45 కోట్ల ఇంటికి అది దాదాపు 11 లక్షలు.

మన పెద్దలకు ఈ విషయం తెలియనిది కాదు. రాయలసీమ, కోస్తా పల్లెల్లో పొలమూ ఇల్లూ ఊళ్లోనే ఉంచుకుని, పిల్లల చదువు కోసం తల్లి కర్నూలులోనో గుంటూరులోనో తిరుపతిలోనో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుని కాపురం పెట్టడం చాలా ఇళ్లలో జరిగింది. చదువు ముగిశాక సామాను సర్దుకుని వచ్చేవారు. చదువు కోసం అక్కడ స్థలం కొనాలని ఎవరూ అనుకోలేదు. సొంతింట్లో ఉండకుండా అద్దెకుంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న బిడియం తరువాత వచ్చిపడింది.

అయినా ప్రయాణ సమయాన్ని తక్కువ చేయలేం. మ్యాపులో ఆరు కిలోమీటర్లంటే ఆదివారం మధ్యాహ్నం కొలత. సోమవారం ఉదయం ఏడున్నరకు పణత్తూరు రైల్వే వంతెన కింద ఇరుక్కున్న స్కూలు బస్సులో అది మరో కొలత. పైగా బస్సు రూటులో మొదటి స్టాపు మీదైతే, బిడ్డ అందరికంటే ముందు ఎక్కి నగరమంతా తిరిగి చేరుతుంది. ఏడింటికి బస్సెక్కి, సాయంత్రం నాలుగున్నరకు దిగి, హోంవర్కు పుస్తకం మీదే నిద్రపోయే రెండో తరగతి పిల్లను చూసినవారెవరూ దూరం సంగతి తేలిగ్గా మాట్లాడరు. ఆ దూరం భారం తరచూ తల్లి ఉద్యోగం మీద పడుతుంది: బస్సు టైముకు ఇంట్లో ఉండాల్సిన మనిషి ఎవరన్న ప్రశ్నకు చాలా ఇళ్లలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఆమె జీతాన్ని కూడా లెక్కలో వేస్తే నెలకు 26 వేలు ఎక్కువేమీ కాకపోవచ్చు.

అందువల్ల కొనడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరు పిల్లల మధ్య నాలుగైదేళ్ల తేడా ఉండి, ఇద్దరికీ సీట్లు ఖాయమై, ఆ స్కూల్లో పన్నెండో తరగతి దాకా ఉండి, కనీసం ఒకరి ఆఫీసు అదే దిక్కున ఉంటే అదనపు ధర పదిహేనేళ్ల మీద పరుచుకుంటుంది. పెద్దవాడికి సీటు కూడా రాకముందే, నిర్మాణంలో ఉన్న ఫ్లాటును స్కూలు పేరు చెప్పి కొనడం మాత్రం వేరు. తాళాలు చేతికొచ్చే నాటికి పిల్లవాడు మరోచోట రెండో తరగతిలో ఉంటాడు.

పేరున్న స్కూళ్లు చాలావరకు ముందటి ఏడాది చివరి నెలల్లోనే దరఖాస్తులు తీసుకుంటాయి. సీటు వచ్చిందని తెలిశాక ఆ చుట్టుపక్కల 11 నెలల అగ్రిమెంటుతో ఇల్లు తీసుకుని, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం అక్కడే గడిపితే స్కూలు తీరుతోపాటు రోడ్డు, నీళ్ల ట్యాంకర్ల బిల్లు, ఆ లేఅవుట్ల ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) గొడవలు కూడా బయటపడతాయి. కొనాలా వద్దా అన్నది అప్పుడు ఫ్లాటు యజమానితో మాట్లాడుకోవచ్చు, స్కూలు పేరు మీద అతను అడిగే ధరకు బేరం ఆడడానికి ఏడాది అనుభవం చేతిలో ఉంటుంది.