పైపై విచారణ

గోధుమపిండి గూడులో యాపిల్ ముక్కలు నింపి కాల్చే ‘యాపిల్ పై’ అనే తీపి వంటకంలో పచ్చి మిరపకాయలు వేస్తున్నారని తెలిసిన నాటి నుండి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వెన్న, చక్కెర, దాల్చినచెక్కల సాంగత్యంలో పరువుగా బతుకుతున్న ఆ వంటకాన్ని కాపాడే బాధ్యతను నాకు ఎవరూ అప్పగించలేదు. అటువంటి బాధ్యతలను ఎవరో అప్పగించేదాకా ఆగితే సంప్రదాయాలు నిలవవు కనుక, నేనే తలకెత్తుకున్నాను. ‘పై’ అన్న మాటకు తెలుగులో ఉన్న అర్థాల వల్ల నా విచారణ పైపైన సాగిందని ఎవరైనా అనుకుంటే దానికి భాషే బాధ్యత వహించాలి.

నేరస్థలం అమెరికాలోని న్యూ మెక్సికో. ‘ఎర్రదా, పచ్చదా?’ అని మిరప గురించి అడిగే మాటను రాష్ట్ర అధికారిక ప్రశ్నగా ప్రకటించుకున్న ప్రాంతం అది. అక్కడ పై టౌన్ అని ఒక ఊరే ఉంది. ఊరి పేరులోనే పై ఉన్నవారికి దానిపట్ల మరింత భయభక్తులు ఉండాలి కదా? వారు మాత్రం నిప్పుల మీద కాల్చి తొక్క తీసిన పచ్చి మిరపకాయలను తరిగి యాపిల్ ముక్కలలో కలిపి, పిన్యోన్ అనే పైన్ జాతి చెట్టు గింజలు కూడా జోడించి, ఇది మా ప్రాంతపు యాపిల్ పై అని నిస్సంకోచంగా వడ్డిస్తున్నారు.

బయటి నుండి వచ్చి చొరబడిన మిరపను వెళ్లగొట్టాలంటే, ముందుగా లోపల ఉన్నవారి స్థానికతను నిరూపించాలి. అమెరికాలో దేనినైనా అచ్చంగా తమదని చెప్పడానికి ‘యాపిల్ పై అంత అమెరికన్’ అనే వాడుక ఉన్నది గనుక ఇది అర పూటలో తేలిపోతుందని భావించాను. ఈనాటి తియ్యని యాపిల్ పూర్వికులు కజకస్తాన్ వైపు త్యాన్‌షాన్ కొండలలో పుట్టాయని, యూరప్ వలసదారులతో కలిసి ఓడలలో అమెరికా చేరాయని మొదటి సాక్ష్యంలోనే బయటపడింది. గోధుమ పశ్చిమాసియాది. వెన్న ఇచ్చే ఆవు కూడా ఓడ దిగినదే. చెరకు న్యూ గినీ నుండి, జాజికాయ ఇండోనేషియాలోని బండా దీవుల నుండి బయలుదేరాయి, దాల్చినచెక్క ఆసియాది. పులుపు తగ్గకుండా, ముక్క చెదరకుండా ఉడుకుతుందని పై చేసేవారు ఏరికోరి కొనే గ్రానీ స్మిత్ రకం సైతం 1868 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గర, ఒక వృద్ధురాలి తోటలో దానంతట అదే మొలిచింది.

ఇక ముద్దాయి సంగతి. మిరప మెక్సికో ప్రాంతంలో, అంటే న్యూ మెక్సికోకు పొరుగునే, వేల ఏళ్ల క్రితం సాగులోకి వచ్చింది. పిన్యోన్ ఏకంగా న్యూ మెక్సికో రాష్ట్ర వృక్షం. ఆ పళ్లెంలో ఉన్నవారిలో ఓడ ఎక్కవలసిన అవసరం లేనివి ఈ రెండే అని తేలడం నా వాదనకు బొత్తిగా అనుకూలంగా లేదు. కాబట్టి ఈ భాగాన్ని రికార్డుల నుండి తొలగించవలసిందిగా మనవి చేస్తున్నాను.

స్థానికత కలిసి రానప్పుడు ప్రాచీనతను ఆశ్రయించడం ఆచారం. ఇంగ్లండు రాజు రెండవ రిచర్డ్ వంటవారు సుమారు 1390లో వంటల విధానాలు రాసిపెట్టిన చుట్టలో యాపిల్ పై ఉంది. ఆనందంతో విప్పి చూడగా, అందులో యాపిల్‌తో పాటు అత్తిపళ్లు, ఎండు ద్రాక్ష, బేరిపళ్లు, రంగుకు కుంకుమపువ్వు కనిపించాయి గానీ చక్కెర ఊసే లేదు. పైగా ఆ పిండి గూడును వారు ‘కాఫిన్’ అనేవారు; ఈనాటి ఇంగ్లీషులో ఆ మాటకు శవపేటిక అని అర్థం. పెట్టె అన్నదే ఆనాటి అర్థమని భాషావేత్తలు ఎంత ఊరడించినా, ఆ పేరు విన్నాక ముక్క నోట్లో పెట్టుకోవడానికి మనస్కరించదు. మూలానికే కట్టుబడతానని భీష్మించుకుంటే నేను చక్కెర మానుకోవలసి వస్తుంది. అంత నిష్ఠ నాకు లేదు.

శాసనం ద్వారా శుద్ధిని కాపాడిన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమే నాకు ఆదర్శంగా మిగిలింది. 1999లో యాపిల్ పైని రాష్ట్ర పైగా ప్రకటిస్తూ, దానిని వడ్డించేటప్పుడు చల్లని పాల గ్లాసు గానీ, కనీసం అర ఔన్సు తూగే చెడార్ అనే రకం జున్ను (చీజ్) ముక్క గానీ, పెద్ద గరిటెడు వెనిలా ఐస్‌క్రీమ్ గానీ జతచేయడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించాలని అక్కడి చట్టసభ నిర్దేశించింది. అర ఔన్సు అంటే సుమారు 14 గ్రాములు. 13 గ్రాములు పెట్టినవారి చిత్తశుద్ధిని తూచే తక్కెడ ఎవరి దగ్గర ఉంటుందో, గరిటె ఎంత ఉంటే పెద్దది అవుతుందో చట్టం చెప్పలేదు. ఏది ఏమైనా, పండు మీద జున్ను పెట్టడం ఒక ప్రాంతపు చాపల్యమే అయినా, శాసనసభ ముద్ర పడగానే అది సంప్రదాయమైంది. (చెడార్ ఇంగ్లండులోని ఒక ఊరి పేరన్న సంగతి వెర్మాంట్ సభ్యులకు గుర్తు చేయడం మర్యాద కాదు.)

ఇదే దేశంలో ఉప్పు బిస్కెట్లను చక్కెర పాకంలో, నిమ్మరసంలో నానబెట్టి, దాల్చినచెక్క చల్లి, యాపిల్ లేకుండానే యాపిల్ పై చేసిన చరిత్ర కూడా ఉంది. తిన్నవారు యాపిల్‌నే తిన్నామని నమ్మేవారట. యాపిల్ లేకపోయినా ఎవరికీ పట్టలేదు, మిరప ఉన్నందుకు నాకు నిద్ర పట్టడం లేదు!

చివరకు ముద్దాయిని ప్రత్యక్షంగా పరీక్షించదలచి ఓవెన్ వెలిగించాను. ఆరు యాపిల్‌లకు అర కప్పు మిరప ముక్కలు. మంట మీద తొక్క నల్లగా పొంగేదాకా కాల్చి, గిన్నెలో మూత పెట్టి మగ్గించి, వేళ్లతో ఒలిచాను. ఆ వేళ్లతోనే కన్ను నలుపుకొన్నందువల్ల తదుపరి పావుగంట విచారణ ఒంటికంటితో సాగింది. మిరప ముక్కల నీరు పిండకుండా వేయడంతో అడుగు పొర తడి అట్టలా మిగిలింది. ముందు 220 డిగ్రీల వేడిలో, తరువాత 190లో కాల్చిన పైని మూడు గంటలు ఆరనివ్వాలని తెలిసి కూడా, న్యాయం ఆలస్యం కాకూడదని వేడిమీదే కోశాను. రసమంతా పళ్లెంలోకి జారింది.

మొదట తీపి, వెనుక పులుపు, ఆ రెండూ సర్దుకున్నాక గొంతు దగ్గర చిన్నగా అంటుకునే కారం. ఒక్క ముక్కతో తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుందని రెండవది పెట్టుకుని, పక్కన చెడార్ ముక్కను తూచాను. 13 గ్రాములు తూగింది. మరో గ్రాము కోసి కలిపి, తీర్పును రేపటికి వాయిదా వేశాను. రేపటికి సాక్ష్యం మిగులుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.