ఎర్ర నాచుకు కొత్త పేరు పెట్టడం ఉత్తుత్తి పనా?

కొన్నాళ్లుగా మా కడప బాటనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘సముద్రపు ఎర్ర నాచులో కొత్త జాతి కనుక్కున్నామని పేపర్లో వేయించుకునేదంతా పేరు కోసమే. ఎర్ర నాచును రంగు చూసి ఎవరైనా చెప్తారు. అంతగా కావాలంటే డీఎన్‌ఏ మిషన్‌లో వేస్తే పేరు అదే వస్తుంది, ఎండు నాచు అంటించిన ఆ కాగితాల కట్టలు చెత్తబుట్టకే. పదేళ్లకోసారి పేర్లు మార్చేదాన్ని సైన్స్ అనరు. అయినా సముద్రమే లేని రాయలసీమ పిల్లలకు ఈ చదువెందుకు?’

నాకు దీన్ని పంపినవాళ్లలో ఇద్దరు నా దగ్గర డిగ్రీ చదివినవాళ్లే. వాళ్ల కోసమైనా ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ముందు రంగు సంగతి. ఇది తెలివితక్కువ ఆలోచనేమీ కాదు. 1836లో ఐర్లండ్ శాస్త్రవేత్త విలియం హెన్రీ హార్వీ సముద్రపు నాచుల్ని ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ అని రంగును బట్టే విడదీశాడు. ఆ మూడు పేర్లు మనం ఇప్పటికీ వాడుతున్నాం. అయితే నాచు మన చేతికొచ్చినప్పుడు ఎర్రగానే ఉంటుందన్న హామీ లేదు. ఎరుపు ఫైకోఎరిత్రిన్ అనే వర్ణకం వల్ల వస్తుంది. ఎండ బాగా తగిలే రాళ్ల మీద ఆ ఎరుపు తగ్గిపోయి, దాని వెనకున్న పసుపు, పచ్చ బయటపడతాయి. విశాఖ టూర్‌లో మా విద్యార్థిని ఒకమ్మాయి గ్రాసిలేరియా గుత్తి ఒకటి ఎత్తి, ‘సార్, ఇది పచ్చగా ఉండాది గదా, ఎర్ర నాచంటారేంది?’ అని అడిగింది. అదే రాయికి నీడ పక్కనున్న గుత్తి ముదురెరుపు. కొండవాగుల మంచినీళ్లలో పెరిగే బట్రకోస్పెర్మమ్ కూడా ఎర్ర నాచే, కానీ చాలాసార్లు నీలిపచ్చగా కనిపిస్తుంది. రంజాన్ నెలలో మన కిరాణా కొట్లలో కొనే చైనా గ్రాస్ ఉంది కదా, ఉడికిస్తే కరిగి పళ్లెంలో పోస్తే గడ్డకట్టే తెల్లటి పోగులు! అవీ ఎర్ర నాచు నుంచి తీసినవే.

పోనీ, రంగు సరిగ్గానే ఉందనుకుందాం. అది గుంపును చెప్తుంది గానీ జాతిని చెప్పదు. ఎర్ర నాచుల్లో ఏడు వేలకు పైగా జాతులున్నాయి. తేడా తెలియాలంటే నాచు కొమ్మను కారట్ ముక్క మధ్య పెట్టి బ్లేడుతో పల్చగా కోయాలి. ఇరవై కోస్తే ఒకటి నిలుస్తుంది. దాన్ని స్లైడు మీద నీటిచుక్కలో పెట్టి చూడాలి. హిప్నియా అనే ఎర్ర నాచులో అయితే మధ్యలో ఒక చిన్న కణం, దాని చుట్టూ పెద్ద కణాలు కనిపిస్తాయి. సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లా పనిచేసే కణాలు, వచ్చిన కొమ్మ దొరికితే ఇంకా అదృష్టం. హిప్నియాలో నాలుగు సిద్ధబీజాలు ఇడ్లీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గ్రాసిలేరియాలో అవే నాలుగు ప్లస్ గుర్తులా విడిపోతాయి. ఇది ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లు మళ్లీ ‘ఎవరైనా చెప్తారు’ అనరు.

పైరూపం ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. గుల్లల్లోకి తొలుచుకుని పెరిగే సన్నని ఎర్రటి పోగుల్ని కాంకోసెలిస్ అనే వేరే నాచుగా లెక్కగట్టారు. అది పోర్ఫైరా అనే ఎర్ర నాచు జీవితచక్రంలోనే ఒక దశ అని 1949లో ఇంగ్లండ్‌లో కాథ్లీన్ డ్రూ బేకర్ చూపించింది. జపాన్ వాళ్లు తినే నోరి ఈ కుటుంబానిదే. అంతదాకా నోరి మొలకలు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలియక రైతులు అదృష్టం మీద ఆధారపడేవాళ్లు. ఆ తర్వాత గుల్లల మీద విత్తనం పెంచుకున్నారు. ఆమె జపాన్‌లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు, అయినా ఉటో పట్టణంలో ఆమెకు స్మారకం కట్టారు.

‘అయితే డీఎన్‌ఏ ఉంది కదా’ అంటారు. ఉంది, అది లేకుండా ఇప్పుడు పని జరగదు కూడా. కానీ మిషన్ పేరు చెప్పదు. ఆర్‌బీసీఎల్, కాక్స్1 లాంటి జన్యువుల అక్షరాల వరుస ఇస్తుంది, అంతే. ఆ వరుసను అంతకుముందు ఎవరో ఏదో పేరుతో డేటాబేస్‌లో పెట్టిన వరుసలతో పోల్చాలి. ఆ ఎవరో నాచును తప్పుగా గుర్తించి ఉంటే ఆ తప్పు మనకూ అంటుకుంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఉన్న ఆధారం మెసేజ్ చెత్తబుట్టలో వేయమన్న కాగితమే. ఒక జాతి పేరు దేనికి చెందుతుందో తేల్చేది దాని టైప్ నమూనా, అంటే ఆ పేరు మొదట పెట్టినప్పుడు ఆధారంగా దాచిన నమూనా. నూరేళ్లు దాటిన నమూనాల నుంచి కూడా ఇప్పుడు చిటికెడు ముక్క తీసి డీఎన్‌ఏ చదువుతున్నారు. ఫార్మలిన్‌లో వేసిన నాచు నుంచి డీఎన్‌ఏ తీయడం చాలా కష్టం. అందుకే మేం సేకరించిన ప్రతి నాచులో ఒక ముక్కను సిలికా జెల్‌లో ఆరబెడతాం, మిగిలినదాన్ని ట్రే నీళ్లలో తేలేసి కాగితం మీదికి ఎత్తుతాం.

ఒక్క జన్యువులో కాస్త తేడా కనిపించగానే తొందరపడి కొత్త జాతి అనేవాళ్లు లేరని నేను అనను. ఉన్నారు. కానీ వాళ్ల తప్పు బయటపడేది కూడా ఇదే పద్ధతిలో.

పేర్లు మారడం గురించి. నోరి నాచు ఒకటి పోర్ఫైరా యెజోయెన్సిస్‌గా ఉండేది, 2011లో పైరోపియా అయింది, 2020లో నియోపైరోపియా. చదివేవాళ్లకు టెన్షనే, ఒప్పుకుంటాను. అయినా ఎవరో సరదాపడి మార్చినవి కావవి. చుట్టరికాల మీద కొత్త ఆధారం దొరికింది, ప్రజాతి పేరు, అంటే మొదటి మాట, మారింది, ‘యెజోయెన్సిస్’ మాత్రం అలాగే ఉంది. పేరు తేడా డబ్బుకు సంబంధించినది కూడా. కప్పాఫైకస్ అల్వరెజిని ముందు యూకీమా అనేవాళ్లు. కప్పాఫైకస్ నుంచి గట్టిగా గడ్డకట్టే కప్పా క్యారజీనన్ అనే జిగురు పదార్థం వస్తుంది, యూకీమా డెంటిక్యులేటమ్ నుంచి మెత్తగా ఉండే అయోటా రకం వస్తుంది. ఐస్‌క్రీం కంపెనీ వాళ్లు ఒకటి అడిగితే ఇంకొకటి పంపితే ఊరుకుంటారా?

ఇక ‘సముద్రం లేని ఊరు’. నాకు కోపం తెప్పించింది ఈ మాటే. 2020లో మన దేశ తీరం నుంచి హిప్నియా ఇండికా, హిప్నియా బుల్లాటా అనే రెండు కొత్త ఎర్ర నాచుల్ని వర్ణించింది పంజాబ్‌లోని బఠిండా కేంద్రీయ విశ్వవిద్యాలయం వాళ్లు. బఠిండాకు సముద్రం ఎంత దూరమో మ్యాప్ తీసి చూడండి. కన్యాకుమారి, గుజరాత్ తీరాలకు వెళ్లి సేకరించారు, వెనక్కొచ్చి చూశారు. ఎర్ర నాచులవని భావిస్తున్న 160 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు 2017లో వెలుగులోకి వచ్చింది చిత్రకూటం రాళ్ల నుంచి, అక్కడా ఇప్పుడు సముద్రం లేదు. మన కడప జిల్లా వేంపల్లె రాళ్లలో పొరలు పొరలుగా కనిపించే స్ట్రోమటోలైట్లు సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. అవి ఎర్ర నాచులవి కావు, నీలిహరిత సూక్ష్మజీవులు కట్టినవి. కానీ అప్పుడు ఇక్కడ సముద్రముందని ఆ రాళ్లే చెప్తాయి.

విశాఖలో ‘పచ్చగా ఉండాది’ అన్న అమ్మాయిది వేంపల్లే. తిరిగొచ్చాక మూడు వారాల పాటు సాయంత్రం పూట ల్యాబ్‌లో కూర్చుని ఆ గుత్తికి నలభై ఒక్క కోతలు కోసింది. నలభై ఒకటో దాంట్లో ప్లస్ గుర్తు దొరికింది. ఆ స్లైడు, ఆ షీటు మా బీరువాలో ఉన్నాయి. మెసేజ్ పంపిన ఇద్దరూ ఈ ఆదివారం వస్తే మైక్రోస్కోపు బయటపెట్టి ఉంచుతాను.