ఫలితాల ముందు రోజు పందెం దేని మీద?

2024 ఆగస్టు 28న చిప్‌ల కంపెనీ ఎన్విడియా త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. ఆదాయం సుమారు 3,000 కోట్ల డాలర్లు. ఏడాది కిందటితో పోలిస్తే 122 శాతం ఎక్కువ. విశ్లేషకుల అంచనాలనూ దాటేసింది. అయినా మర్నాడు షేరు 6 శాతానికి పైగా పడింది.

ఇంత మంచి ఫలితాలొచ్చినా షేరు పడిందంటే, ఆ మంచంతా ధరలో ముందే చేరిపోయిందన్నమాట. విశ్లేషకుల సగటు అంచనా ఒకటి ఉంటుంది. షేరు కొన్నవాళ్ల మనసులో ఉన్న అంకె వేరే. అది ఎక్కడా అచ్చులో కనిపించదు. ఫలితాల ముందు రోజు కొనేవాళ్లు కంపెనీ మీద పందెం కాస్తున్నామనుకుంటారు కానీ, కాసేది మిగతావాళ్ల ఆశల మీద. కంపెనీని చదివి తెలుసుకోవచ్చు, వాళ్ల ఆశలను చదవడానికి బ్యాలెన్స్ షీట్ లేదు. అందుకే ఆ పందేనికి దూరంగా ఉండమనే నేను చెబుతాను.

‘స్టాప్ లాస్ పెట్టుకున్నాం కదా’ అనే ధీమా కూడా ఆ రోజు పనికిరాదు. స్టాప్ లాస్ అంటే ధర ఒక స్థాయికి పడగానే షేరు అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్. 2022 ఏప్రిల్ 19న మార్కెట్ ముగిశాక, 2 లక్షల మంది చందాదారులు తగ్గారని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. 25 లక్షల మంది పెరుగుతారని అంతకుముందు చెప్పిందీ ఆ కంపెనీయే. మర్నాడు షేరు 35 శాతం పడిపోయింది. అందులో ఎక్కువ భాగం మార్కెట్ తెరిచేసరికే పోయింది. 10 శాతం దగ్గర పెట్టిన స్టాప్ లాస్ అయినా మార్కెట్ తెరిచాక దొరికే ఆ పడిపోయిన ధరకే అమలవుతుంది.

ఇక ఆప్షన్ల సంగతి. షేరు 100 దగ్గర ఉందనుకుందాం. గడువులోగా దాన్ని 100కే కొనే హక్కు కాల్, 100కే అమ్మే హక్కు పుట్. ఆ హక్కుకి కట్టే ధరే ప్రీమియం. ఎటు కదిలినా లాభమేనని ఒకాయన కాల్‌కి 4, పుట్‌కి 4 పెట్టి రెండూ కొన్నాడు. ఫలితాలు బాగున్నాయి, షేరు 105కి వెళ్లింది. కాల్ విలువ 5 లేదా కాస్త ఎక్కువ, పుట్ దాదాపు సున్నా. కదులుతుందన్న ఊహ నిజమైంది, అయినా రెండు మూడు పాయింట్లు పోయాయి! ఆయన కట్టిన ప్రీమియంలో చాలా భాగం ‘ఏమవుతుందో’ అన్న టెన్షన్‌కి ధర. ఫలితం తెలియగానే ఆ టెన్షన్‌తో పాటే ఆ విలువా ఆవిరైపోతుంది. ట్రేడర్లు దీన్నే ఐవీ క్రష్ అంటారు (ఐవీ అంటే ఆప్షన్ ధరలో ఇమిడి ఉన్న ఊగిసలాట అంచనా). అలాగని ఆ రెండు ఆప్షన్లనూ కొనే బదులు అమ్మడం సురక్షితం కాదు. అమ్మినవాళ్లకు ఎంత చేసినా దక్కేది ఆ 8. నెట్‌ఫ్లిక్స్‌లా 35 కదిలితే పోయేది 27.

మరి ఫలితాలు వచ్చాక కొంటే ఆలస్యమైపోదా? రే బాల్, ఫిలిప్ బ్రౌన్ అనే అకౌంటింగ్ పరిశోధకులు 1968లోనే ఒక విషయం గమనించారు. లాభాల వార్త తర్వాత కూడా ధర కొన్ని నెలల పాటు అదే దిశలో మెల్లగా సాగుతుందని. పెద్ద కంపెనీల్లో ఈ ధోరణి ఇప్పుడు బాగా పలచబడింది, నిజమే. కానీ చదవడానికి టైం మాత్రం దొరుకుతుంది. లాభం పెరిగినప్పుడు నగదు కూడా వచ్చిందా? అమ్మకాల కంటే రావాల్సిన బాకీలే వేగంగా పెరిగాయా? నేనైతే ముందు ఆ రెండూ చూసి, తర్వాత యాజమాన్యం విశ్లేషకులతో మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రశ్నల దగ్గరికి వెళ్తాను. మార్జిన్ (అమ్మకాల్లో లాభం వాటా) ఎంత ఉంటుందని సూటిగా అడిగితే అంకె చెప్పారా, లేక మాట మార్చారా అన్నది అక్కడే దొరుకుతుంది.