పసుపు డబ్బా మీద లాట్ నంబరు

ఈసారి ఇక్కడ అమెరికాలో మన సంఘం ఉగాది వేడుకలో పచ్చడి పంచే బల్ల పక్కనే పసుపు క్యాప్సూళ్ల స్టాలు వెలిసింది. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు, ఆర్నెల్లుండి పోదామని ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు తలా రెండు డబ్బాలు కొనుక్కెళ్లారు. టెస్టింగ్ సంగతి అడిగితే లామినేషన్ చేసిన కాగితం చూపించారు. కాగితం మీద లాట్ నంబరు (ఒక విడతలో తయారైన సరుకు గుర్తు) ఒకటి, డబ్బా మీద ఇంకొకటి. విషలోహమైన సీసం (లెడ్) ఎదురుగా "10 పీపీఎం లోపు" అన్న మాటే తప్ప తేలిన అంకె లేదు. మనసు చివుక్కుమన్నది అక్కడే.

పసుపులో సీసానికి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు ఆ 10 పీపీఎం, అంటే గ్రాముకి 10 మైక్రోగ్రాములు. పప్పులో పడేది చిటికెడు. క్యాప్సూళ్లలో రోజుకి 2 గ్రాముల పొడి మింగితే, ఆ హద్దు దగ్గర ఒంట్లోకి పోయే సీసం 20 మైక్రోగ్రాములు. కాలిఫోర్నియాలో ప్రాప్ 65 అనే హెచ్చరికల చట్టం ప్రకారం రోజుకి 0.5 మైక్రోగ్రాము దాటితే చాలు, హెచ్చరిక రాయాలి. నలభై రెట్ల తేడా! అందుకే లోహాలని అతి సూక్ష్మంగా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద తేలిన అసలు అంకె కావాలి.

మనకి పసుపు ఎంత పచ్చగా ఉంటే అంత శుభం. గడపకి రాసేటప్పుడు అది ముచ్చటే. కల్తీకి దారి కూడా అదే. కొమ్ములకి మెరుగు పెట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు చల్లితే నాసిరకం కొమ్మూ మెరుస్తుంది. ఆ రంగు బరువులో 64 శాతం సీసమే. బంగ్లాదేశ్ బజారు పసుపులో 2019లో 47 శాతం శాంపిళ్లలో సీసం కనబడింది. దాడులు, జరిమానాలు, ప్రచారం అన్నీ కలిసొచ్చి 2021కి అది సున్నా అయింది. నిజామాబాద్ కొమ్మనో దుగ్గిరాల కొమ్మనో చెప్పినంత మాత్రాన ల్యాబ్ పని తీరదు.

పసుపులో ముఖ్యమైన రంగు పదార్థం కర్క్యుమిన్; దాని శాతం ఏ పద్ధతిలో తీశారో కూడా చూడాలి. కాంతితో చేసే యూవీ పరీక్ష పచ్చటి రంగునంతా కలిపి లెక్కేస్తుంది. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష ఒక్కో పదార్థాన్నీ గ్రాఫు మీద ఒక్కో శిఖరంగా (పీకు) విడదీసి చూపిస్తుంది: అసలు పసుపు సారంలో కర్క్యుమిన్ పక్కన మరో రెండు పీకులుంటాయి. ఒక్కటే నిలబడితే అది ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసిందేమోనని అనుమానించాలి.

అమెరికా 1994 చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లకి అమ్మకానికి ముందు ఇక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అంటే ఫ్యాక్టరీ పేరు నమోదైందనే.

స్టాలు పెట్టేవాళ్లలో చాలామంది మనవాళ్లే, ల్యాబ్ ఖర్చు వాళ్లకి బరువే. నిజమే. అయినా కార్యవర్గానికి నా విన్నపం: దీపావళి మేళా ఫారాలు పంపేలోపు ఒక షరతు చేర్చండి. అమ్మే లాట్‌దే రిపోర్టు, ల్యాబ్ పేరు, తేదీ, పద్ధతి, అంకె అన్నీ ఉండాలి. రిపోర్టు నంబరు ల్యాబ్‌కి ఫోన్ చేసి సరిచూశాకే స్టాలు ఇవ్వండి.