చెట్ల పైకొస ఎత్తు నేల ఎత్తు కాదు
శాటిలైట్ ఎత్తుల డేటా ఉంటే అమెజాన్ అడవిలో కొండగట్లూ వాగులూ కంప్యూటరే గీసేస్తుందన్న మాట ఒప్పుకోలేను. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి భూమి ఎత్తులు కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే మిషన్ రాడార్ తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లే. దట్టమైన ఆకుల్లో కొంత దిగి ఆగిపోతుంది, నేలదాకా రాదు. అందుకే చెట్లు కొట్టేసిన పొలం అంచున, నేల మీద లేని గట్టొకటి మ్యాపులో లేస్తుంది. ఈ డేటాలోని 30 మీటర్ల గడి కన్నా ఇరుకైన వాగు మీద కొమ్మలు కమ్ముకుంటే ఇంకా చిక్కు, అడ్డంగా ఆనకట్ట కట్టినట్టే కనిపిస్తుంది. చాలామంది వెంటనే సాఫ్ట్‌వేర్‌లో ‘ఫిల్’ నొక్కుతారు, అంటే అడ్డు వెనక పల్లాన్ని దాని ఎత్తుదాకా నింపేస్తారు. దాంతో వెనకాల లేని చెరువు పుట్టి, వాగు దాని మీదుగా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. ఆ అడ్డును కోసి దారిచ్చే ‘బ్రీచ్’ వాడాలి. తర్వాత కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చూడండి: వాగు దాటే చోట వాటి మొన ఎగువకే తిరగాలి.